కుంచం, తక్కెడ, గోధుమ

ఒక గోధుమల గుంపును ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లతో చూస్తే పీఐసీ సగటు 0.6 వచ్చిందనుకుందాం. ఇంకో గుంపును ఎస్‌ఎన్‌పీలతో చూస్తే 0.3. రెండో గుంపులో వైవిధ్యం సగమే అనెయ్యవచ్చా? కుంచంతో కొలిచిన గింజల్నీ తక్కెడలో తూచిన గింజల్నీ పక్కపక్కన పెట్టి వాదులాడినట్టుంటుంది. పీఐసీ అంటే మార్కరు రకాలను ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె. ఎస్‌ఎన్‌పీ డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా. అక్కడ మామూలుగా రెండే రూపాలు, కనుక ఆ అంకె ఎంత పెరిగినా 0.375 దాటదు. ఎస్‌ఎస్‌ఆర్‌లో రెండు మూడు అక్షరాల ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లన్నది రకాన్ని బట్టి మారుతుంది గనక ఒక్కచోటే పది రూపాలు కనిపించినా వింత కాదు.

రొట్టె గోధుమలో ఏ, బీ, డీ అని మూడు జీనోములు, దగ్గరి చుట్టాలు. మార్కరు ఇచ్చిన సంకేతం ఈ మూడింటిలో దేనిదో తేల్చడమే తలనొప్పి. జర్మనీలోని గాటర్స్‌లెబెన్ నుంచి మారియన్ రోడర్ బృందం 1998లో 279 మైక్రోశాటిలైట్ల (ఎస్‌ఎస్‌ఆర్‌లకే మరో పేరు) పటం ప్రచురించింది. వాళ్ల ప్రైమర్లలో (మార్కరు చోటును పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 80 శాతం ఒక్కో చోటునే పట్టుకోవడంతో ఆ తలనొప్పి చాలావరకు తగ్గింది. మార్కర్ల పేర్లలో కనిపించే ‘జీడబ్ల్యూఎం’ ఆ ఊరి గుర్తే. అయితే రెండక్షరాల తేడాను, డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి గీతలుగా విడదీసే జెల్ మీద ఒక ల్యాబ్ ఒకలా, ఇంకో ల్యాబ్ ఇంకోలా చదవొచ్చు. పొడవు ఒకటే అయినంత మాత్రాన వంశం ఒకటే అనీ చెప్పలేం.

ఎస్‌ఎన్‌పీలను చదివే చిప్పుకు ఈ చదువు తగాదా తక్కువ. 2014 నాటి ‘90కే’ గోధుమ చిప్పు ఒకేసారి వేల చోట్లు చూస్తుంది. నా అనుమానమల్లా ఆ చోట్లను ఎవరిని చూసి ఎంచారన్నదే. ఆధునిక రకాలను చూసి ఎంచితే, దేశవాళీ గోధుమల్లో మాత్రమే ఉన్న తేడాల గురించి చిప్పు అడగనే అడగదు. (ప్రైమర్లు ఏ రకం చూసి గీశారో దానివైపు ఎస్‌ఎస్‌ఆర్‌లూ కొంత మొగ్గుతాయి.) 1920, 30లలో ఆర్థర్ వాట్కిన్స్ పోగుచేసిన దేశవాళీ గోధుమల్లో 827 రకాల జీనోములను పూర్తిగా చదివిన ఫలితాలు 2024లో వచ్చాయి. ఏడు పూర్వీక గుంపులు తేలాయి. ఆధునిక రకాల మూలాలు వాటిలో రెండింటిలోనే ఉన్నాయి. మిగతా అయిదింటిని ఆధునిక రకాల కోసం అల్లిన జల్లెడతో జల్లించి ‘వైవిధ్యం తక్కువ’ అంటే నేను నమ్మను.

మేలైన రకాల్లో సంకరానికి తల్లిదండ్రుల్ని ఎంచడానికైతే చిప్పే నయం. చేసిన సంకరం నిజమైనదేనా అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం తల్లి గీత, తండ్రి గీత రెండూ చూపించే నాలుగైదు ఎస్‌ఎస్‌ఆర్‌లు, ఒక జెల్ చాలు. దానికి చిప్పు కొనడం దండగ.