కంపోజిటరు కట్టిన వరస

అలెక్స్ లిత్గో 1870 డిసెంబరు 1న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. చిన్నతనంలోనే ఇంటిల్లిపాదీ ఓడెక్కి, న్యూజీలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్కార్గిల్ చేరారు. ఆ ఊళ్లో వీధులకు డీ, టే, ఎస్క్, స్పే అని స్కాట్లండ్ నదుల పేర్లు పెట్టుకున్నారు. వదిలి వచ్చిన చోటిని పేర్లలోనైనా దగ్గర ఉంచుకోవడం అక్కడి వలస జనానికి అలవాటు. ఆ అలవాటు ఈ కుర్రాడికీ అబ్బింది. అయితే అది బయటపడటానికి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది.

లిత్గోలది పాటగాళ్ల ఇల్లు. కుటుంబమంతా కలిసి కచేరీలు ఇచ్చేవాళ్లు. అలెక్స్ పదకొండో ఏట ఇన్వర్కార్గిల్ గారిసన్ బ్యాండులో చేరాడు. పదహారేళ్లకల్లా అందులో మొదటి కార్నెట్ అతనిదే. నాటకశాల వాద్యబృందంలో వయొలిన్ కూడా వాయించేవాడు.

కార్నెట్ చూడటానికి ట్రంపెట్‌కు తమ్ముడిలా ఉంటుంది. గొట్టం ఇంకాస్త చుట్టలు తిరిగి పొట్టిగా కనిపిస్తుంది. మూతి దగ్గర సన్నగా మొదలై గంటలా విచ్చుకున్న చివరి దాకా మెల్లగా వెడల్పవుతూ పోతుంది కనుక, నాదం ట్రంపెట్ అంత కోసుగా ఉండదు, మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుంది. మీటలు మూడే. మొదటిది నొక్కితే స్వరం ఒక మెట్టు, రెండోది నొక్కితే అర మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర మెట్టు కిందికి దిగుతుంది. మిగతా పనంతా పెదవులదే. వాటిని బిగించే కొద్దీ అదే గొట్టం పై స్వరాలు పలుకుతుంది. గంటసేపు ఊదాక పెదవి మొద్దుబారుతుంది. అప్పుడు కూడా పై స్వరాన్ని తొణక్కుండా నిలిపినవాడికే సోలో కార్నెట్ కుర్చీ. వాద్యగాళ్లు మధ్యమధ్య చిన్న మీట తెరిచి నీళ్లు వదులుతుంటే చూసేవాళ్లు ఉమ్మి అనుకుంటారు. చాలావరకు అది చల్లని ఇత్తడికి తగిలి నీరైన ఊపిరి.

ఇత్తడి బ్యాండు బ్రిటన్‌లో గనుల దగ్గర, మిల్లుల దగ్గర పెరిగి, వలసలతో పాటు ఓడలెక్కింది. కార్నెట్లు, ఫ్లూగల్ హార్న్, టెనర్ హార్న్‌లు, బారిటోన్‌లు, యుఫోనియం, ట్రాంబోన్లు, బాస్‌లు: అంతా కలిపి పాతిక మంది దాకా ఊదేవాళ్లు, వెనక డ్రమ్ములు. క్లారినెట్‌కు, ఫ్లూట్‌కు ఇందులో చోటు లేదు. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళం కూడా బ్రిటిష్ సైనిక బ్యాండ్ల నుంచి దిగిందే గానీ, అందులో క్లారినెట్ పెద్దదిక్కు. ఇత్తడి బ్యాండులో ఒక తెలివైన ఏర్పాటుంది. మీటలున్న వాద్యాలన్నిటికీ ఒకే పద్ధతిలో రాస్తారు. కాగితం మీద గుర్తు ఒకటే అయితే వేళ్లు ఒకేలా పడతాయి. బాస్ ఊదే కమ్మరి ఊరు వదిలి పోతే, టెనర్ హార్న్ ఊదే కుర్రాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. పగలంతా ఏదో పని చేసుకునే జనంతో చిన్న ఊళ్లలో బ్యాండ్లు నిలబడ్డాయంటే ఈ ఏర్పాటు పుణ్యం చాలా ఉంది.

1893లో లిత్గో న్యూజీలాండ్ కార్నెట్ పోటీల్లో విజేత అయ్యాడు. వరస కట్టడమూ ఆ రోజుల్లోనే మొదలైంది. ‘వైరోవా’ అనే మార్చ్ తొలి రచనల్లోది. మరుసటి ఏడు సముద్రం దాటి ఆస్ట్రేలియా దక్షిణ ద్వీపం టాస్మేనియాకు, అక్కడి లాన్సెస్టన్ పట్టణానికి వెళ్లాడు. సెయింట్ జోసెఫ్స్ బ్యాండు అతన్ని మాస్టారుగా పిలిపించుకుంది. 1845లో పుట్టిన ఆ బ్యాండు మద్యపానాన్ని పూర్తిగా విడిచినవాళ్ల సంఘానిది. సాయంత్రం సారా అంగడి దారి పట్టే మనిషి చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి, లేకపోతే ప్రమాణం నాలుగు రోజులకు మించి నిలవదు. కార్నెట్ చేతిలో ఉంటే మూతి కూడా ఖాళీ ఉండదు. అప్పట్లో ఇలాంటి సంఘాల కింద బ్రిటన్‌లోనూ పేరున్న బ్యాండ్లు నడిచాయి.

బ్యాండు మాస్టరీ మీద ఇల్లు గడిచే రోజులు కావవి. లిత్గోకు చేతిపని ఉంది: అచ్చుకూటంలో కంపోజిటరు. కేసులోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చాలి. అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, వరసను తలకిందులుగా చదవాలి. సాయంత్రం బ్యాండు కాగితాల ముందు కూర్చుంటే అక్కడా ఇలాంటి తిరకాసే. కాగితం మీద ఉన్న స్వరానికి బీ ఫ్లాట్ కార్నెట్ ఒక మెట్టు కింద పలుకుతుంది. అదే గుర్తుకు ఈ ఫ్లాట్ టెనర్ హార్న్ ఇంకా చాలా కిందికి పోతుంది. రాసింది ఒకటి, వినిపించేది ఇంకొకటి. పాతిక మందికి ఎవరి కాగితం వాళ్లకు వేరుగా రాసివ్వాలి. ఒక్క చుక్క జారితే రిహార్సల్ అంతా ఆగి, తప్పు ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. పగలు అక్షరాలు, రాత్రి స్వరాలు కూర్చిన ఈ మనిషికి చేతి వేగం, తప్పు పట్టే కన్ను రెండుచోట్లా ఒకే సాధనతో వచ్చి ఉంటాయి.

1900 తర్వాత కొన్నాళ్లు న్యూజీలాండ్‌కు తిరిగి వెళ్లి క్రైస్ట్‌చర్చ్ దగ్గరి వుల్స్టన్ బ్యాండును నడిపాడు. అది మంచి పోటీ బ్యాండు. అయినా మళ్లీ లాన్సెస్టన్‌కే వచ్చేశాడు. పై మెట్టు ఎక్కడమే వృత్తి జీవితం అనుకునేవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. ఊరి బ్యాండు మాస్టారి లెక్క వేరు: తాను చెయ్యి పట్టి నేర్పిన కుర్రాళ్లు ఎక్కడుంటే అతని బ్యాండు అక్కడ.

అతని పేరు నిలిపింది మాత్రం మార్చ్‌లే. మార్చ్ అంటే నడకకు కట్టిన వరస. చిన్న ఎత్తుగడ, ఆ తర్వాత రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండేసిసార్లు. మధ్యలో ఎక్కడో రాగం బాస్‌ల చేతికి పోతుంది, కార్నెట్లు పైన అలంకారాలు చేస్తాయి. తర్వాత వచ్చే ట్రియో అనే భాగంలో ఆధార స్వరం నాలుగో మెట్టుకు మారుతుంది. మన కచేరీలో పున్నాగవరాళి అందుకునేటప్పుడు మధ్యమశ్రుతికి మారినట్టే, అక్కడ గాలి చల్లబడి రాగం నెమ్మదిస్తుంది. మార్చ్ రాసేవాడు ఒక సంగతి మరిచిపోకూడదు. ఊదేవాళ్లు కుర్చీల్లో లేరు, నడుస్తున్నారు. నిమిషానికి నూట ఇరవై అడుగులు వేస్తూ, వరస చెదరకుండా, మెడ వంచకుండా ఊదాలి. ఊపిరి తీసుకునే చోటు రాగంలోనే ఉండాలి. పైగా అందరూ ఒక్కసారే తీసుకుంటే బాస్ మాయమై పాట కాళ్ల కిందినుంచి జారిపోతుంది. ఊదినవాడు రాసిన మార్చ్‌కూ, పియానో ముందు కూర్చుని రాసిన మార్చ్‌కూ తేడా ఇక్కడే తెలుస్తుంది.

1909లో న్యూజీలాండ్ బ్యాండు పోటీలు ఇన్వర్కార్గిల్‌లో జరిగాయి. పోటీకి ఒక రచన కావాలని అక్కడే ఉన్న సోదరుడు టామ్‌ను అడిగితే, అలెక్స్ తాను కట్టి ఉంచిన మార్చ్ ఒకటి ఇచ్చాడు. దానికి ఊరి పేరే పెట్టాడు: ‘ఇన్వర్కార్గిల్’. చిన్ననాడు అక్కడ గడిపిన సంవత్సరాలకు గుర్తుగా ఆ ఊరికీ, ఊరి జనానికీ అంకితమిచ్చాడు.

ఆ వరస అక్కడ ఆగలేదు. న్యూయార్క్‌లోని కార్ల్ ఫిషర్ సంస్థ దాన్ని క్లారినెట్లు, ఫ్లూట్లు ఉన్న పెద్ద సైనిక బ్యాండుకు సరిపడేలా మార్పించి అచ్చువేసింది. అమెరికా మెరైన్ దళాల బ్యాండ్లు దాన్ని అందుకున్నాయి. అక్కడి కవాతు మైదానాల్లో అది నేటికీ వినబడుతుంది. అప్పట్లో మార్చ్‌ల హక్కులు ప్రచురణకర్తలు ఒకేసారి కొనేసుకోవడం మామూలు. పాట దేశాలు తిరిగినంత మాత్రాన కట్టినవాడి ఇంటికి డబ్బు వెతుక్కుంటూ వచ్చేది కాదు.

లిత్గోను దక్షిణార్ధగోళపు సూసా అన్నారు. మెచ్చుకోలుగా అన్నదే గానీ, పోలిక అంతగా అతకదు. జాన్ ఫిలిప్ సూసా అమెరికా మెరైన్ బ్యాండును పన్నెండేళ్లు నడిపి, 1892లో సొంత బ్యాండు పెట్టి, జీతాలిచ్చి మేటి వాద్యగాళ్లను ఏరుకున్నాడు. ఆ బ్యాండుతో ప్రపంచం చుడుతూ 1911లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లకు కూడా వచ్చాడు. లిత్గో చేతిలో ఉన్నది పని దిగి రిహార్సల్‌కు వచ్చే ఊరి జనం. వాళ్లకు అందేలా రాస్తూనే, విన్నవాళ్లు మళ్లీ అడిగేలా రాయాలి. ఆ కొలతతో చూస్తే ‘ఇన్వర్కార్గిల్’ సూసా మంచి మార్చ్‌ల పక్కన తల వంచుకోవాల్సిన పని లేదు.

లాన్సెస్టన్‌లో అతను ఒక్క సెయింట్ జోసెఫ్స్‌తోనే సరిపెట్టుకోలేదు. సైనిక దళాల బ్యాండ్లకు నేర్పాడు, వాద్యబృందం కట్టాడు, మూకీ సినిమాలకు హాల్లో కూర్చుని సంగీతం నడిపించాడు. 1920ల చివర ఆరోగ్యం దెబ్బతింది. 1929 జూలై 12న లాన్సెస్టన్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి ఆ ఊరు చేరి ముప్పై అయిదేళ్లు. ఆ ఏళ్లలో చాలావరకు గడిచిన ఊరి పేరు ఊదేవాళ్లలో చాలామందికి తెలియదు. కాగితం మీద తలకట్టుగా ఉండేది, అతను చిన్నప్పుడు కార్నెట్ పట్టిన ఊరి పేరే.