తాడు లాగే చేతికి రాగం తెలియాలి

సురభి వారి మాయాబజార్ మొదటిసారి చూసి ఇంటికొచ్చినప్పుడు నాకు ఒక్క పద్యమూ గుర్తులేదు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరి వెళ్ళడం మాత్రం కళ్ళలో ఉండిపోయింది. పక్కనున్న మా తమ్ముడు బెంచీ ఎక్కి మరీ దారం కోసం వెతికాడు, దొరకలేదు. ఆ తర్వాత అదే నాటకం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దారం ఉందని తెలుసు, ఎటునుంచి వస్తుందో కూడా తెలుసు. అయినా ఇప్పటికీ నాకు కనబడదు. పనితనం అంటే అదీ.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా వార్షికోత్సవాలకు పిల్లలచేత సంగీత నాటకాలు ఆడించాను. సీన్లూ సీనరీల గురించి నాకు తెలిసింది కొంచెమే, అదీ సురభి వారి వింగుల పక్కన నిలబడి దొంగచాటుగా నేర్చుకున్నదే. కాబట్టి వాళ్ళ పక్షమే మాట్లాడతాను. నిష్పాక్షికత కావలసినవారు ఇంకొకరి వ్యాసం చదువుకోవచ్చు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ధార్వాడ నాటక సమాజం వారు 1880 ప్రాంతంలో మన ఊళ్ళకొచ్చి ఆడితే, ఆ తెరలూ వింగులూ చూసి మనవాళ్ళు మోజుపడ్డారంటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు గారి బృందం కీచకవధ ఆడింది. ఊరి పేరే సమాజానికి నిలిచిపోయింది. అంతకుముందు ఆ కుటుంబాలది తోలుబొమ్మలాట. నా మటుకు నాకు అసలు కిటుకంతా అక్కడే ఉందనిపిస్తుంది. తెర వెనక నిలబడి, పాడుతూ, బొమ్మనాడిస్తూ, దీపం వెలుగు ఎక్కడ ఎంత పడాలో చూసుకున్న చేతులవి. మనుషులు తెర ముందుకొచ్చినా ఆ చేతుల విద్య వెనకే ఉండిపోయింది.

ముందు తెరల సంగతి. ఒకదాని వెనక ఒకటి ఉంటాయి: వీధి, ఉద్యానవనం, అడవి, దర్బారు. తెర అడుగున గుండ్రటి కర్ర బిగించి ఉంటుంది. పక్కనుంచి తాడు లాగితే కిందినుంచి పైకి చాపలా చుట్టుకుంటూ పోతుంది. చూసేవాడికి అవి బొమ్మలు. ఆడించేవాడికి మాత్రం అవి కాస్త వ్యవధి సంపాదించి పెట్టే సాధనాలు. వీధి తెర ముందు, నాలుగడుగుల జాగాలో, ఇద్దరు హాస్యగాళ్ళు కీచులాడుకుంటూ ఉంటారు. వాళ్ళ వెనక చప్పుడు లేకుండా సింహాసనం వచ్చి కూర్చుంటుంది, మెట్లు పడతాయి, స్తంభాలు లేస్తాయి. నవ్వు ఇంకా ఆగకముందే వీధి చుట్టుకుపోతుంది, దర్బారు సిద్ధం! ప్రేక్షకుడు ఒక్క నిమిషం కూడా చీకట్లో కూర్చోడు. ఇరుకు సీను తర్వాత విశాలమైన సీను, మళ్ళీ ఇరుకు సీను: నాటకాన్నే ఆ వరసలో కూర్చుకుంటారు. బడి నాటకం రాసే మాస్టర్లు ఇదొక్కటి పట్టుకుంటే, పది నిమిషాలకోసారి లైట్లార్పి చీకట్లో బెంచీలు ఈడ్చే గోల తప్పుతుంది.

ఆ తాడు ఎప్పుడు లాగాలో చెప్పేది విజిలు కాదు, హార్మోనియం. నారదుడు మబ్బుల్లోంచి దిగుతున్నాడు. ఆలాపన ఎంత సాగితే అంత నెమ్మదిగా దిగాలి. పాడేవాడికి ఆ పూట గొంతు బాగుండి రెండు సంగతులు ఎక్కువ వేశాడా, మబ్బు ఆగి వినాలి. బాణాలు ఎదురెదురుగా వచ్చి నడుమ ఢీకొనడం తీగల మీద జరిగే పని. అది తబలా దెబ్బ మీద పడితే యుద్ధం. అరక్షణం అటూ ఇటూ అయితే తీగ మీద జారిన పుల్ల. సంగీత నాటకానికీ వచన నాటకానికీ తెరవెనక తేడా ఇదే. ఇక్కడ తాడు పట్టుకున్నవాడు కూడా పక్కవాద్యగాడే.

మా బడిలో తెరలు రాసింది డ్రాయింగు మాస్టారు. గాడా గుడ్డ, గంజి, పొడి రంగులు, బంక, సరుకంతా ఇంతే. మొదటి ఏడు ఆకాశానికి చక్కటి ముదురు నీలం వేశారు. పగలు చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయాం. రాత్రి పసుప్పచ్చ బల్బుల కింద అది బొగ్గయింది. ద్వారక మీద అమావాస్య! ఆ తర్వాత ఆయన ఏ తెర రాసినా నాటకానికి వాడే దీపాలే పెట్టుకుని రాశారు. ఇంకో పాఠం దర్బారు తెర నేర్పింది. దూరంపోతున్నకొద్దీ చిన్నవయ్యే స్తంభాలు రాస్తే లోతు వస్తుంది, కానీ పాత్ర ఆ తెర దగ్గరికి వెళ్ళకూడదు. వెళితే బలరాముడు స్తంభం కంటే పొడుగైపోతాడు. అందుకని నేలమీద సుద్దతో గీత గీసి, అది లక్ష్మణరేఖ అని చెప్పేవాళ్ళం. లక్ష్మణకుమారుడి వేషం కట్టినవాడు మాత్రం ప్రతి ఏడూ దాటేవాడు.

గదలు ఎండిన ఆనపకాయ బుర్రలు. వెదురు పిడి గుచ్చి, పాత పేపర్లు నాలుగు పొరలు అంటించి, ఆరాక బంగారు రంగు కొట్టడమే. తేలిగ్గా ఉంటుంది కనుకనే పదేళ్ళవాడు మోయగలడు. తేలిగ్గా ఉంటుంది కనుకనే వాడికి బరువు నటించడం నేర్పాలి. గదను ప్రదర్శన రోజున చేతికిస్తే చీపురులా పట్టుకుంటాడు. రిహార్సల్ మొదటి రోజునే ఇచ్చేయాలి. కిరీటాలకు అట్ట కత్తిరించి, కొండపల్లి బొమ్మలవాళ్ళు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కు లాంటిదే చేసుకుని, పువ్వులూ లతలూ ఉబ్బెత్తుగా అద్దేవాళ్ళం. దగ్గర్నుంచి చూస్తే పిడకల మీద వేళ్ళ గుర్తుల్లా ఉండేవి. ఆరో వరసలోంచి చూస్తే నకాషీ పనే.

లడ్ల దారం మా వల్ల కాలేదు, ఒప్పుకోవాలి. విందు బల్లకు కంతలు కోసి, ఆకులు పరిచి, గుడ్డ వేలాడదీసి, కింద నలుగురు ఆరో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టాం. ఘటోత్కచుడు పాటలో వంటకం పేరెత్తి దవడ ఆడించగానే కిందినుంచి అది మాయం. ఒక ఏడు బల్లకిందివాడు తాళం తప్పి, గారెలని పాడుతుంటే అప్పడాలు లాగేశాడు. జనం మరీ ఎక్కువ నవ్వారనుకోండి! సురభి వారు నిప్పుతో చేసే పనులు మాత్రం బడిలో ఎవరూ ముట్టుకోవద్దు. అవి తరాల చేతులకే చెల్లుతాయి.

ఆ తరాల సంగతి చెప్పాలంటే పత్రిక చాలదు. సురభి కమలాబాయి నాటకం నడుస్తుండగానే పుట్టిందంటారు. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి ఆమే. బి.వి. కారంత్ అంతటి దర్శకుడు వచ్చి వీళ్ళతో భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ చేయించారు. బాబ్జీగా అందరికీ తెలిసిన రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన వెళ్ళిపోయారు. ఆ కుటుంబాల్లో ఇవాళ బాలకృష్ణుడి వేషం వేసిన పిల్లవాడు రేపు తాడు పట్టుకుంటాడు. 1957 నాటి సినిమా మాయాబజార్‌ను నేనూ నెత్తిన పెట్టుకుంటాను. గోఖలే, కళాధర్‌ల కళకూ మార్కస్ బార్ట్లే కెమెరాకూ దణ్ణం పెడతాను. కానీ వాళ్ళకు రీటేకు ఉంది. వీళ్ళకు లేదు.

ఇప్పుడు బడుల వార్షికోత్సవాలకు వెళ్ళి చూడండి. వెనక గోడంతా ఎల్ఈడీ తెర. అద్దెకు తెస్తారు, మీట నొక్కితే ద్వారక, ఇంకోసారి నొక్కితే హిమాలయం. ఆ వెలుగు పిల్లల వెనకనుంచి కొడుతుంటే మొహాలు నల్లటి నీడలు. కన్నతల్లి కూడా తన కొడుకెవడో పోల్చుకోలేదు. అది లేనిచోట ఫ్లెక్సీ, దీపం పడితే పెనంలా మెరుస్తుంది. ఈమధ్య ఒక బడికి అతిథిగా పిలిస్తే వెళ్ళాను. అభిమన్యుడు విల్లు ఎక్కుపెట్టిన సమయానికి ద్వారక మీద ఒక బాణం ప్రత్యక్షమైంది. కంప్యూటర్ మౌసు బాణం! అది అటూ ఇటూ తిరిగి, ఒక డబ్బా తెరిచి, మూసింది. పాట రికార్డు, తెర అద్దె, కిరీటం అద్దె. పిల్లలు పెదవులాడించడానికి మాత్రమే వచ్చారు. ఇంత డబ్బు పోసి బడి కొన్నది ఏమిటి? ఆ రాత్రి ఏ పిల్లవాడి చేతికైనా రంగు అంటిందా?

ఇటువైపు ఇలా ఉంటే, సెట్లెందుకండీ, ఊహ చాలదా అనే ఆధునికులు ఇంకోవైపు. కూచిపూడి భాగవతులకు ఇద్దరు పట్టుకునే తెర ఒక్కటే కదా అని నాకే పాఠం చెబుతారు. నిజమే. ఆ తెర మీదినుంచి సత్యభామ జడ వేస్తే ఊరు ఊరంతా మురిసిపోయేది. అయితే ఆ తెరను పట్టుకున్నది మనుషుల చేతులేనని వాళ్ళు మరిచిపోతారు. నేనడిగేదీ ఆ చేతులనే.

హెడ్మాస్టర్లకు ఒక మనవి. వార్షికోత్సవానికి రెండు నెలల ముందే డ్రాయింగు మాస్టారిని పిలిచి గాడా గుడ్డ తాను ఒకటి కొనివ్వండి. వేషాలు దొరకని పిల్లలందరినీ ఆయనకు అప్పగించండి. హైదరాబాదు వచ్చే విహారయాత్రలో చార్మినార్‌తో పాటు శేరిలింగంపల్లి సురభి కాలనీని కూడా చేర్చి, ఆ రోజు అక్కడ నాటకముంటే టిక్కెట్టు కొని చూపించండి. ఆట అయ్యాక అడిగి వింగుల వెనక్కి తీసుకెళ్ళండి. దారం ఎక్కడుందో పిల్లలు తప్పకుండా అడుగుతారు.