మీనాక్షి లేని కన్యాశుల్కం

ఈ ఎండాకాలం హైదరాబాద్‌లో ఒక ఔత్సాహిక నాటక బృందం మూడు ఆదివారాలు మూడు తెలుగు నాటకాలు చదివింది. సెట్టు లేదు, మేకప్ లేదు. వరసగా పది ప్లాస్టిక్ కుర్చీలు, చేతుల్లో జిరాక్స్ కాపీలు, అంతే. చదివేవాళ్ళలో ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు టీచర్లు, మిగతా అంతా నాలాంటి ఐటీ జనం. వినేవాళ్ళం ఏ రోజూ నలభై మంది దాటలేదు. 'కన్యాశుల్కం', 'ఎన్జీవో', 'మా భూమి' మూడూ విన్నాను. మొదటిదానితో నాకొక పేచీ ఉంది.

'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. మనం ఇవాళ చదువుకునేది గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పు. ఏడంకాలు. పూర్తిగా చదవాలంటే ఒక సాయంత్రం చాలదు, ఒప్పుకుంటాను. వీళ్ళు రెండు గంటలకి కుదించారు. కుదింపులో గిరీశానికి దాదాపు ఏ నష్టమూ జరగలేదు. అతని ఇంగ్లీషు ముక్కలకి హాలంతా పడీపడీ నవ్వింది. నవ్వదా మరి, మనం ఆఫీసు మీటింగుల్లో మాట్లాడే తెలుగు అదేగా! వెంకటేశం ఉన్నాడు, కరటకశాస్త్రి ఉన్నాడు, ఆడవేషం కట్టిన శిష్యుడూ ఉన్నాడు. మీనాక్షి మాత్రం లేదు.

మీనాక్షి ఎవరని మా పక్క కుర్చీలో అబ్బాయి అడిగాడు. లుబ్ధావధాన్లు కూతురు, విధవ. ఆమె ఉండే సీన్లు తక్కువే, తీసేసినా కథ ఎక్కడా ఆగదు. కోత వేసినవాళ్ళ లెక్క అదే అయ్యుంటుంది. కానీ ఈ నాటకంలో విధవలు ఇద్దరు. బుచ్చమ్మకి గిరీశం తగిలాడు, అయినా చివరికి సౌజన్యారావు పంతులు పూనుకోబట్టి పూనా విడోస్ హోమ్ దాకా ఒక దారి దొరికింది. మీనాక్షికి రామప్ప పంతులు తగిలాడు. ఆ తర్వాత ఆమె కోసం ఏ వకీలూ రాలేదు. సంస్కరణ ఎవరి గుమ్మం దాకా వచ్చిందో, ఎవరి గుమ్మం ముందు ఆగిపోయిందో గురజాడ ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకర్ని తీసేస్తే మిగిలేది, కొంటెవాళ్ళ అల్లరినంతా ఒక మంచి ప్లీడరు చివర్లో వచ్చి సర్దేసిన హాస్య నాటకం. ఆ రోజు మేం విన్నది అదే. హాయిగా నవ్వుకుని ఇంటికెళ్ళాం.

రంగస్థలం మీద కోతలు నాకు అర్థమవుతాయి. సెట్టు మార్చాలి, హాలు అద్దె కట్టాలి, నటులు అలిసిపోతారు. 1955లో సినిమా తీసినవాళ్ళకీ నిడివి గొడవ తప్పదు. పఠనానికి ఆ ఇబ్బందులేవీ లేవు. ఒక వారం మూడంకాలు, ఇంకో వారం నాలుగంకాలు చదివితే ఎవరు కాదంటారు? ఉన్న ఒకే ఒక్క వెసులుబాటుని వీళ్ళు వాడుకోలేదు.

ఆ రోజే నేను మర్చిపోలేనిది కూడా ఒకటి జరిగింది. 'కన్యాశుల్కం' నిండా 'తనలో' అనే స్వగతాలే. స్టేజీ మీద నటుడు మొహం పక్కకి తిప్పి ఆ మాట అనేస్తాడు. కుర్చీలో కూర్చుని కాగితం చూసి చదివేవాళ్ళు ఏం చెయ్యాలి? రామప్ప పంతులు పాత్రధారి ప్రతిసారీ "తనలో" అని పైకి చదివి, ఆ తర్వాత మాట అన్నాడు. మొదట ఎబ్బెట్టుగా ఉన్నా, పోనుపోను అదే నవ్వు తెప్పించింది. మధురవాణిగా చదివినావిడ దారి వేరు. స్వగతం వచ్చినప్పుడల్లా కాగితం ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి, మా వైపు చూసి చెప్పింది. అంటే ఆ ముక్కలన్నీ కంఠస్థం చేసుకొచ్చింది. ఎదుటివాడితో అనే మాటలు కాగితంలోంచి, మనసులో మాటలు మాత్రం సొంతంగా. మధురవాణి ఆ ఇంట్లో రోజంతా ఒక వేషం చదువుతూ బతుకుతోందని నాకు అప్పుడు తట్టింది. పుస్తకం మూడుసార్లు చదివినా తట్టని సంగతి.

'ఎన్జీవో' గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పేరు చూసి స్వచ్ఛంద సంస్థ కథ అనుకుని వచ్చినవాళ్ళున్నారు. నాన్-గెజిటెడ్ ఆఫీసరు, అంటే గుమాస్తా. జీతం చాలని ఆ ఇంటి గొడవల్ని ఆత్రేయ మామూలు మాటల్లో రాశాడు, అవి మామూలుగా చదివితే చాలు. ప్రధాన పాత్రధారి మొదటి పది నిమిషాల్లోనే ఏడుపు అందుకున్నాడు. ఇక పైకి వెళ్ళడానికి మెట్లు లేవు.

'మా భూమి' సంగతి వేరు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ఈ నాటకాన్ని ప్రజా నాట్యమండలి ఊరూరా ఆడింది, ప్రభుత్వం నిషేధించింది. గౌతమ్ ఘోష్ సినిమాకి పేరు ఇదే గానీ దానికి మూలం కిషన్ చందర్ నవల. నాటకం వెనకున్నది విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడి హత్యకి గురైన షేక్ బందగీ కథ. కథ తెలంగాణది, రాసిన ఇద్దరూ కోస్తావాళ్ళు. రైతు పాత్ర చదివిన కుర్రాడు అచ్చులో ఉన్న క్రియల్ని తన ఊరి మాటలోకి మార్చుకుంటూ చదివాడు. ముందే రాసుకున్నది కాదు, అక్కడక్కడ తడబడ్డాడు కూడా. మిగతావాళ్ళు ఉన్నది ఉన్నట్టు చదివారు. ఒకే ఇంట్లో మనుషులు రెండు యాసల్లో మాట్లాడుకోవడం వింతగానే ఉంది. అయినా ఆ కుర్రాడి గొంతు వచ్చినప్పుడల్లా హాల్లో ఫోన్లు కిందికి దిగాయి.

అతను మాట మార్చినా నాటకానికి ఏమీ తగ్గలేదు. మొదటి వారం ఒక్క మాటా మార్చకుండానే నాటకం మారిపోయింది. ఆఖరి రోజు టీ దగ్గర నిర్వాహకుల్లో ఒకాయనతో ఇదే అన్నాను. "జనం కూర్చోరండీ" అన్నాడు. 'మా భూమి' రెండున్నర గంటలు చదివారు, ఎవరూ లేవలేదని గుర్తుచేశాను. ఆయన నవ్వి, "అయితే మీనాక్షి ఎవరు చదువుతారు?" అన్నాడు. పక్కనే కప్పులు సర్దుతున్న మధురవాణిగారు తల తిప్పకుండానే చెయ్యెత్తారు.