చీమ నుంచి ఏనుగు దాకా ఒకే చెట్టు మీద

పసిపిల్లలకు అంకెలు నేర్పే పుస్తకాలు బజారులో గుట్టలుగా దొరుకుతాయి. చాలావాటిలో బొమ్మలు ఎవరు వేశారో కూడా రాసి ఉండదు. చెన్నైకి చెందిన తారా బుక్స్ వేసిన ‘వన్, టూ, ట్రీ!’ ఆ కోవలోది కాదు. మాటలు అనుష్కా రవిశంకర్, సిరీష్ రావులవి; బొమ్మలు గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్‌వి. చీమ మొదలు ఏనుగుల దాకా జంతువులన్నీ వరసగా ఒకే చెట్టెక్కుతాయి. వచ్చినవాళ్లందరికీ చోటిస్తూ చెట్టు కూడా పెరుగుతూ పోతుంది. కూడిక మాటెత్తకుండానే కూడిక నేర్పేస్తుంది!

గోండు బొమ్మ గొప్పతనమంతా దాని ఒంట్లోనే ఉంది. ముందు జంతువు రూపు గీసి రంగు నింపుతారు. ఓపికకు పరీక్ష ఆ తర్వాతే. సన్నటి గీతలు, చుక్కలు, పొలుసులు, నెలవంకలు వరస చెదరకుండా ఒళ్లంతా పేర్చుకుంటూ పోవాలి. ఆ నింపే తీరు ఒక్కో చిత్రకారుడిది ఒక్కోటి. తెలిసినవాళ్లు సంతకం వెతుక్కోరు. వెలుగునీడల ఊసే ఉండదు, అయినా గీతల వంపుతోనే దుప్పి మెడ తిప్పినట్టుంటుంది. దాని కొమ్ములు ఎక్కడ ఆగాయో, చెట్టు కొమ్మలు ఎక్కడ మొదలయ్యాయో తేల్చుకోవడం పెద్దలకే కష్టం.

ఈ కళకు పుట్టిల్లు మధ్యప్రదేశ్‌లోని మండ్లా, దిండోరీ ప్రాంతం. ఇంటి గోడల మీద, నేల మీద ఆడవాళ్లు వేసే ‘దిగ్నా’యే దీనికి మూలమంటారు. దుర్గాబాయి చిన్ననాడే తల్లి దగ్గర దాన్ని నేర్చింది. గోడల మీది కళను కాగితం మీదికి తెచ్చిన మొనగాడు పాటన్‌గఢ్ ఊరివాడైన జన్‌గఢ్ సింగ్ శ్యామ్. చిత్రకారుడు జె. స్వామినాథన్ చొరవతో భోపాల్ భారత్ భవన్‌కు చేరి, 1989 నాటికి పారిస్ ప్రదర్శనలో నిలిచాడు. అతని బంధువు భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి కలిసి బొమ్మలు వేసిన ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’కు 2008లో పిల్లల పుస్తకాలకిచ్చే బొలోన్యా పురస్కారం దక్కింది. నల్లటి చేతికాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో అచ్చువేసి, చేత్తో కుట్టిన పుస్తకమది. భజ్జూకు 2018లో, దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ వచ్చాయి.

మరి మన పిల్లల చేతికి అందుతున్నదేమిటి? కంప్యూటర్లో ఒక ఏనుగును గీసి పదిసార్లు అతికించిన అట్టపుస్తకం! పదింటికీ అదే తొండం, అదే నవ్వు. ఒకటి చూస్తే పదీ చూసినట్టే, ఇక పిల్లలు లెక్కపెట్టేదేముంది? చేత్తో వేస్తే ఏ రెండూ ఒకేలా రావు. రెండో దాని దగ్గర కూడా చూపు నిలిచేది అందుకే. ఇది చాలదన్నట్టు ‘గోండు స్టైల్’ అని పేరు పెట్టి చుక్కలు చల్లిన నకళ్లు కప్పుల మీదికీ దిండు గలీబుల మీదికీ ఎక్కాయి. 2023లో గోండు చిత్రకళకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినా ఆ దొంగ సరుకుకు అడ్డుకట్ట పడలేదు. చుక్క పెట్టిన ప్రతివాడూ గోండు చిత్రకారుడైపోతాడా?

ఆదిలాబాద్‌లోనూ గోండులున్నారు, వాళ్ల గాథలు పాడే ప్రధానులున్నారు. దుప్పి, ఉడుము, కొండముచ్చు, ఎలుగుబంటి మన అడవుల్లోవే. తెలుగులో అంకెల పుస్తకం వేయదలచిన ప్రచురణకర్తలు ముందుగా ఆ గూడేల్లో బొమ్మలు వేసేవాళ్లను వెతకాలి. వాళ్ల పేరు అట్ట మీద పెద్దక్షరాలతో వేయాలి, ప్రతి ముద్రణకూ రాయల్టీ చెల్లించాలి.