పోప్ తీసిన గాడి

1901లో అమెరికాలో, బౌల్డర్ వాసి సి.డబ్ల్యూ. రోలండ్ రెండు వందల గజాల దూరానికి పది తూటాలు కాల్చాడు. పదీ ముప్పావు అంగుళం మేరలో పడ్డాయి. ఒక్క వెండి రూపాయితో అన్ని చిల్లులూ కప్పేయొచ్చు. సీసం తూటాలతో సాధించిన లెక్క ఇది! కాల్చింది రోలండే గానీ, నా దండం మాత్రం ఆ బారెల్ చేసిన హ్యారీ పోప్‌కి.

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళుంటాయి. గాడి ఒక చుట్టు చుట్టడానికి ఎన్ని అంగుళాలు పడుతుందో అదే ట్విస్టు. షూటర్ గగన్ నారంగ్ పెరిగిన మా హైదరాబాద్‌లో పిల్లలు పట్టే పాయింట్ టూటూ రైఫిల్‌కి మామూలుగా అది పదహారు అంగుళాలు. ఎందుకు పదహారంటే చాలామంది నీళ్ళు నములుతారు. 1879లో ఇంగ్లండులో గ్రీన్‌హిల్ అనే లెక్కల మేష్టారు చిన్న సూత్రం కట్టాడు. తూటా మందాన్ని మందంతోనే హెచ్చవేసి, దాన్ని 150తో గుణించి, తూటా పొడవుతో భాగిస్తే వచ్చేదే ట్విస్టు. అంతే. ఇందులో బరువు ఊసే లేదు చూశారా? పొడుగు తూటా ముక్కు మీద గాలి తోస్తే తలకిందులవాలని చూస్తుంది. దాన్ని నిలబెట్టేది గిరగిరా తిరిగే ఆ తిరుగుడే. తిరుగుడు చాలకపోతే తూటా అడ్డం తిరిగి, కాగితం మీద గుండ్రటి చిల్లుకి బదులు తాళంచెవి కన్నంలాంటిది పడుతుంది.

అమెరికా సైన్యం కూడా ఈ పాఠం తడబడుతూనే నేర్చుకుంది. ఎం-16 రైఫిల్ మొదటి ట్విస్టు పద్నాలుగు అంగుళాలు. గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడితే తూటా వణికింది. 1963లో పన్నెండు చేశారు. ఎం-16ఏ2 నాటికి, మెరుస్తూ దారి చూపే పొడవైన ట్రేసర్ తూటా కోసం ఏకంగా ఏడుకి దించారు. సెకనుకి మూడు వేల అడుగుల వేగంతో ఆ గొట్టం దాటిన తూటా నిమిషానికి మూడు లక్షల చుట్ల పైచిలుకు లెక్కన తిరుగుతుంది.

అలాగని మెలి బిగిసే కొద్దీ మంచిదనుకుంటే పొరపాటే. తూటాలో వెంట్రుకవాసి అసమతూకం ఉన్నా, గొట్టం దాటగానే ఆ తిరుగుడే దాన్ని పక్కకు విసురుతుంది. తూటా మీది తొడుగు పల్చనిదైతే గాల్లోనే చిట్లిపోవచ్చు.

పోప్ పనితనం ఇక్కడే తెలుస్తుంది. చిన్న కొక్కెం లాంటి కత్తితో పొరపొరగా గీకుతూ ఎనిమిది గాళ్ళు తీసేవాడు. అదీ ఎడమ చుట్టు. సీసం మెత్తన, ఒక్కసారిగా మెలితిప్పితే గాళ్ళలో చెక్కుకుపోతుంది. అందుకే మొదట్లో నిదానంగా తిప్పి, మూతి దగ్గరికి వచ్చేసరికి మెలి బిగించేవాడు. గొట్టాన్నీ మూతి వైపు పిసరంత సన్నం చేసేవాడు. తూటాని మూతి నుంచి దించి, మందు కూరిన డొల్లని వెనక నుంచి పెట్టే పద్ధతి ఆయనది. అలా చేస్తే తూటా అడుగు అంచు చెదరదు. బారెల్ కోసం జనం నెలల తరబడి కాచుకునేవారట. కాచుకోరూ మరి! 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో దుకాణం పోయినా, ఆ తర్వాత జెర్సీ సిటీలో పని సాగించాడు.

అంతకుముందు తుపాకులు చేసే స్టీవెన్స్ కంపెనీ ఆయన వ్యాపారం కొనుక్కుంది. ఆయన వెళ్ళిపోయాక కూడా స్టీవెన్స్-పోప్ పేరుతోనే బారెళ్ళు అమ్మింది. పేరు కొనొచ్చు, చెయ్యి కొనగలరా?

నేటి ప్రకటనలు చూస్తే ఒళ్ళు మండుతుంది. ట్విస్టు ఎనిమిది, ఏడు అంటూ అంకె తగ్గించి, అదేదో ఘనకార్యమైనట్టు చాటుతారు. ఆ తిరుగుడు ఏ పొడవు తూటాకో చెప్పరు. చివరిదాకా మెలి ఎక్కడా సడలకుండా ఉందా అంటే బదులుండదు. సుత్తి పోట్లతో నిమిషాల్లో తయారుచేసిన గొట్టాలు ఎక్కువకాలం మన్నుతాయి, ఒప్పుకుంటాను. సైన్యానికి అవి చాలు. గురి కోసం బతికేవాడికి మాత్రం కత్తితో తీసిన గాడే కావాలి. నా పక్షపాతం నాది.

కోచ్‌లకి ఒక్క విన్నపం. పిల్లలకి స్కోరుతో పాటు బారెల్‌నీ చదవడం నేర్పండి. ఖాళీ రైఫిల్ బోల్టు తీసి, తేలిగ్గా తిరిగే పిడి ఉన్న, బారెల్ శుభ్రం చేసే కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టి లోపలికి తోయించండి. కడ్డీ మీద గీసిన గుర్తు ఒక చుట్టు తిరిగేసరికి ఎన్ని అంగుళాలు దిగిందో కొలిపించండి. దారిలో ఎక్కడ బిగిసిందో, ఎక్కడ జారిందో వాళ్ళ వేళ్ళనే చెప్పనివ్వండి.