రాక్ వేదికపై త్యాగరాజ కృతి

గిటారు, డ్రమ్ములు ప్రధానములైన రాక్ సంగీతము పాశ్చాత్యమే యైనను, దక్షిణదేశమున ప్రాంతీయ భాషల నాశ్రయించి నూతన రూపమును పొందినది. వర్ధమాన బృందములు రెండు మూడు ఒకే వేదికపై పాడుట బెంగళూరున పరిపాటి. ఇట్టి వేదికలు భాషలకు పరీక్షాస్థానములు.

రఘు దీక్షిత్ బృందము శిశునాళ షరీఫ్ (1819–1889) కన్నడ తత్త్వపదములను పాడినది. అవియల్ బృందము 2008లో వెలువరించిన గీతసంపుటి మలయాళమునది. బెంగళూరు బృందమైన 'అగం' 2017 నాటి సంపుటిలో త్యాగరాజస్వామి నళినకాంతి రాగకృతి 'మనవ్యాలకించరాదటే'ను చేర్చినది. తరతరములుగా తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిన వాగ్గేయకారుని మాట ఇట్లు కన్నడదేశపు యువజనుల చెవి సోకినది. మనకిది సంతోషహేతువు.

ఐనను గుణదోషవిచారణ మవసరము. తత్త్వపదము జానపద ఫణితి గలది. పల్లవి మరల మరల వచ్చును. కావున వాద్యఘోష నడుమను మాట నిలుచును. కృతి యట్టిది కాదు. సంగతులు అచ్చులపై సాగునపుడు విద్యుద్గిటారు గాత్రము ననుసరించి శోభించును. హల్లులు దట్టమైన చోట డ్రమ్ముల మ్రోతలో పదము మునుగును. స్వరము మిగిలి సాహిత్యము పోయిన కృతి సగము కృతియే. చరణమునందైన వాద్యములను తగ్గించినచో ఈ దోషము చాలవరకు తీరును.

మరియొక కర్తవ్యము మనది. పూర్వుల కృతి యొక్కటియే మన భాషకు ప్రతినిధిగా నిలిచిన చాలదు. మన యిండ్లలోని యువకులు నేటి తెలుగున పదములు కట్టి ఆ వేదిక నెక్కవలెను. వినబడని భాష క్రమముగా ఇంటను మూగవోవును.