పద్మశాలీల పటంలో రాక్షసుడు

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వంటి నేతగాళ్ల ఊళ్లలో పద్మశాలీలు తమ కులపురాణాన్ని చదవడం కంటే ముందు చూశారు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివాళ్లు బొమ్మల పటం భుజాన వేసుకొని ఊరికి వచ్చేవాళ్లు. పద్మశాలీల వాడలో దాన్ని వేలాడదీసి, మార్కండేయుడి నుంచి భావనాఋషి దాకా రాత్రుల తరబడి కథ నడిపేవాళ్లు. ఆ కథలో ఋషి ఎక్కి తిరిగే పులి ఉంది, ఆయన మీదికి తగవుకొచ్చే కాలవాసురుడనే రాక్షసుడు ఉన్నాడు. పులిని అడవిలోనైనా చూసి ఉండొచ్చు. రాక్షసుణ్ణి చూసినవాడు లేడు. అయినా పటం విప్పగానే పిల్లలు సైతం ‘అడుగో’ అని గుర్తుపట్టేలా వేయాలి. ఈ పటాలు వేసే నకాషీ చిత్రకారుడి పనితనమంతా ఇక్కడే బయటపడుతుంది.

ముందు ఆ రాక్షసుడెవరో చూద్దాం. ఎడ్గర్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో ఈ కథ ఉంది. దేవతలకు బట్టలు కావలసి మార్కండేయుడు యజ్ఞం చేస్తే అందులోంచి భావనాఋషి పుట్టాడు. విష్ణువు నాభికమలం దారంతో బట్టలు నేశాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. బట్టలకు మెచ్చిన దేవతలు ఆయనకు ఎక్కడానికి పులిని, మోగించడానికి భేరీలను ఇచ్చారు. కాలవాసురుడితో పోరులో మొదట ఋషిదే వెనకడుగు. ఆయన భేరీలు మోగించాడు. ఆ భేరీలు తన చుట్టాల చర్మాలతో బిగించినవని తెలిసి రాక్షసుడు పరుగు లంకించుకున్నాడు, పట్టుబడ్డాడు. తర్వాత దేవతలు రంగు బట్టలు అడిగితే, సూర్యుడూ చెరపట్టిన ఆ రాక్షసుడూ సాయపడగా ఋషి రంగులు తయారుచేశాడు. ఊరు మారితే కథ కొంత మారుతుంది, కానీ రాక్షసుడికీ రంగుకూ ఉన్న బంధం నాకు ఈ పురాణం మొత్తంలో అతి విలువైన సంగతిగా తోస్తుంది. అద్దకం తెలిసిన వాళ్లకు కాలవాసురుడు ఒట్టి శత్రువు కాడు, తమ చేతిపనికి కావలసినవాడు. అతణ్ణి అసహ్యంగా వేసి వదిలేస్తే కథకే అన్యాయం.

పటం పని బట్టతో మొదలవుతుంది. కావలసింది ఖద్దరు. కోరుట్ల పక్కనున్న మెట్‌పల్లి ఖాదీకి పేరుబడ్డ ఊరు కాబట్టి ఈ ప్రాంతం వారికి ఆ బట్ట గుణం చెప్పనక్కర్లేదు. ముతక నూలు రంగును ఊరికే తాగేస్తుంది, గీత పాకిపోతుంది. అందుకని బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, బంక నీళ్లు కలిపి బట్టకు పట్టిస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే మరొకటి, అలా మూడు పూతలు. తొందరపడి తడి మీద తడి వేస్తే తర్వాత పటం చుట్టినప్పుడు పెచ్చులు లేస్తుంది. చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం పటానికి నిత్యజీవితం. గోడకు తగిలించే బొమ్మకు లేని కష్టం ఇది. పూత గట్టిగానూ ఉండాలి, వంగాలి కూడా. గంజిలోని బియ్యం, చింతగింజ ఇచ్చే పట్టు, సుద్ద తెలుపు, బంక జిగట ఈ నాలుగింటి పాళ్లు చేతికి తెలియాలి. మగ్గానికి ఎక్కే పడుగుకూ గంజి పట్టించాల్సిందే, లేకపోతే దారం తెగుతుంది. నేతగాడి దారమూ చిత్రకారుడి బట్టా ఒకే పదార్థం మీద నిలిచాయన్నమాట.

పూత ఆరిన బట్ట మీద చిత్రకారుడు కుంచెతో నేరుగా గీత వేస్తాడు. ఆ కుంచె ఉడుత వెంట్రుకలను పుల్లకు కట్టి చేసుకున్నది. బొమ్మల వెనక ఖాళీని ఎరుపుతో నింపుతాడు. తర్వాత ఒంటిరంగులు, బట్టలు, నగలు వస్తాయి. నల్లని గీత చివర్లో వస్తుంది, అప్పటిదాకా ముద్దగా ఉన్న రంగుల్లోంచి మనుషులు లేచి నిలబడతారు. పాతకాలంలో ఎరుపు ఇంగిలీకం, నీలం నీలిమందు, నలుపు దీపపు మసి, తెలుపు శంఖం లేక సుద్ద. అన్నింటికీ చెట్టుబంకే ఆధారం. ఈనాడు కొట్లో దొరికే రంగులు వాడేవాళ్లూ ఉన్నారు, అందులో తప్పు పట్టాల్సింది నాకేమీ కనిపించదు. ఆ ఎరుపును మాత్రం ఎవరూ వదల్లేదు. నకాషీల ఊరైన చేర్యాల పటాన్ని దూరం నుంచి గుర్తుపట్టేది ఆ ఎరుపుతోనే.

ఒంటిరంగుకు ఆచారం ఉంది. దేవుళ్లకు నీలం, స్త్రీదేవతలకు పసుపు, మనుషులకు గులాబీ కలిసిన చామనఛాయ, రాక్షసులకు గోధుమ రంగు లేదా ఇంకా ముదురు ఛాయ. దీన్ని కట్టుబాటని తీసిపారేయకూడదు. పటం చూసేది దీపపు వెలుగులో, ఎదురుగా కూర్చున్న గుంపు. వెనక వరుసలో ఉన్నవాడికి మొహంలోని కవళికలు కనపడవు, రంగు కనపడుతుంది. కథకుడు కర్రతో చూపగానే ఎవరు ఎవరో ఆ క్షణంలోనే తేలిపోవాలి. అయితే ముదురు ఒళ్లు ఎరుపు మీద పడితే కలిసిపోయే ప్రమాదం ఉంది. దానికి చిత్రకారుడి దగ్గర ఉన్న విరుగుడు తెలుపు. గుడ్లు ఉరిమే కళ్లు, పెదవి దాటిన కోరలు తెల్లగా వేస్తే, చీకట్లో ముందుగా అవే కనిపిస్తాయి. చుట్టూ నల్లగీత, మెడలో చేతుల్లో పసుపు నగలు. భయం వాటిలోంచే పుడుతుంది. పులికి ఈ తిప్పలు లేవు. ఎరుపు మీద పసుపు తనంతట తానే వెలుగుతుంది, నల్లచారలు పడగానే అది కదిలినట్టే ఉంటుంది. ఋషికి ఏనుగో గుర్రమో కాక పులి దక్కడం చిత్రకారుడికి కూడా కలిసొచ్చిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

లోతు చూపించే పద్ధతి ఇక్కడ లేదు, అవసరమూ లేదు. ముఖ్యమైనవాడు పెద్దగా ఉంటాడు, మొహం ఒకవైపు తిరిగి ఉన్నా కన్ను నిండుగా ఉంటుంది. యుద్ధం ఒక అడ్డపట్టీలో జరుగుతుంది, దాని కింద పూలతీగ అంచు, ఆ అంచు కింద తర్వాతి ఘట్టం. పటం మూడడుగుల వెడల్పుతో, పొడవులో నలభై అడుగులు దాటేదాకా సాగుతుంది. కాలవాసురుడు ఒక పట్టీలో ఎగిరి దూకుతాడు, కింది పట్టీలో కట్లతో ఉంటాడు. రెండుచోట్లా ఒకడే అని తెలియాలంటే రంగు, మీసం, నగలు ఎక్కడా మారకూడదు. ఊహ పారే చోటు భంగిమ ఒక్కటే. మోకాలు వంచిన తీరు, ఎత్తిన చెయ్యి, వెనక్కి తిరిగిన మెడ వీటిలో చిత్రకారుడు చూపే స్వేచ్ఛ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఇక్కడ పనితనం కొత్త రాక్షసుణ్ణి పుట్టించడంలో లేదు, అందరికీ తెలిసిన రాక్షసుడికి ప్రాణం పోయడంలో ఉంది. పుస్తకాలకూ ఆటలకూ కల్పిత జంతువులను గీసే ఇప్పటి యువ చిత్రకారులు తమ ప్రాణి ఎవరికీ తెలియనిదై ఉండాలని తపిస్తారు. తెలిసిన ప్రాణిని నలభై అడుగుల మేర నమ్మించడం అంతకంటే కష్టమైన పని.

ఒక్క పద్మశాలీలకే కాదు, తెలంగాణలో మాదిగలకు డక్కలివాళ్లు జాంబవపురాణం, గౌడులకు గౌడజెట్టివాళ్లు గౌడపురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెప్పారు. ఈ పటాలన్నీ నకాషీల చేతివే. వాళ్లలో ధనాలకోట ఇంటిపేరు గల కుటుంబాలు చేర్యాలలో ఈ పనిని నిలబెట్టాయి. అక్కడి బొమ్మలకు భౌగోళిక గుర్తింపూ దక్కింది.

ఇంత పెద్ద సంప్రదాయంలో పాత పటాలు ఎందుకు తక్కువ మిగిలాయన్నది న్యాయమైన ప్రశ్న. పటం జీర్ణమైతే దానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలిపేవాళ్లు. కొత్త పటం వేయించుకునేవాళ్లు. దాచుకోవడం కాదు, మళ్లీ వేయించడమే ఆచారం. అందుకే హైదరాబాద్‌లోని జగదీశ్ – కమలా మిత్తల్ మ్యూజియంలో ఉన్న 1625 నాటి భావనాఋషి పటం మనకు మహాభాగ్యం. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందటే ఈ కథకు ఈ రూపం ఉందని అది చెబుతోంది.

మళ్లీ వేయించే చెయ్యి ఆగిపోవడంతోనే చిక్కు వచ్చింది. సిరిసిల్లలో మరమగ్గాలు పెరిగాయి. ఎన్నో పద్మశాలి కుటుంబాలు భివండికీ షోలాపూర్‌కూ వలస వెళ్లాయి. సినిమా, టీవీ రాత్రులను తీసుకున్నాయి. కథ అడిగేవాళ్లు లేక కూనపులివాళ్ల పటాలు విప్పడమే తగ్గింది. చిత్రకారులు బతుకు కోసం చిన్న చట్రాల్లో పట్టే బొమ్మలు, ముఖాలు చేస్తున్నారు. వాటిలో గీత ఇంకా బలంగానే ఉంది. కానీ కాలవాసురుణ్ణి ఒక్కణ్ణే విడదీసి చట్రంలో పెడితే అతని రంగుకున్న కారణం పోతుంది, కింది పట్టీలో పట్టుబడి రంగులకు సాయపడే మలుపూ పోతుంది. ఇది చిత్రకారుల లోపం కాదు, అడిగేవాళ్ల లోపం. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పద్మశాలి సంఘాలు తమ ఊరి పేరు మీద ఒక్కో నిండు పటం వేయించి, కూనపులి కుటుంబాన్ని పిలిచి మార్కండేయ జయంతి నాడు విప్పించవచ్చు. కథ తెలిసిన కూనపులివాళ్లూ, గీత తెలిసిన నకాషీలూ ఇంకా ఉన్నారు.